కంటికి ఆనని పోలిక

మా లక్ష్మీనర్సమ్మ వదినె ముందుకు కొత్త మనిషి ఎవరన్న పోయిన్రంటే ముందుగాల నీళ్లియ్యదు, కూసోమనదు. గదుమ పట్టుకుంటది. మొఖాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, "ముక్కు మీ తాతది. చెవులు మాత్రం మీ అమ్మ తరుపోళ్లయి" అని తీర్పు చెప్పినంకనే వదుల్తది. నా పెండ్లిల నా గదుమ గూడ పట్టుకున్నది. పీటల మీద, అంతమంది సూస్తుండంగ! "కోదాడ పిల్లవు. మీవోళ్లను నేనెన్నడు సూడకపోతి. ఈ మొఖాన్ని ఎవరికి జమ కట్టాలె?" అన్నది. నాకు ఒళ్లు మండింది. "నా మొఖం నాదే వదినె. ఎవరికీ జమ కట్టకు" అన్న. పంతులు మంత్రం ఆపిండు. మా అమ్మ నెత్తి కొట్టుకున్నది. ఇగ ఈ సంబంధం అయినట్టే అనుకున్నరు అందరు. ఆమె మాత్రం పకపక నవ్వి, "దీని నోరు నా పోలికే" అన్నది.

అప్పటి నుంచి ఆ ఇంట్ల మా ఇద్దరి నోర్లకే భయపడతరు.

వదినె అంటే మా ఆయన శశిధర్‌కు పెద్దక్క. పుట్టింది చివ్వెంలల, ఇచ్చింది గరిడేపల్లికి. ఆమె పెండ్లయిన ఏడే మా అత్త పోయింది. తమ్ముళ్లు ఇద్దరు చిన్నపోరలు, మా బావ దామోదర్, మా ఆయన. ఇద్దరినీ వెంటబెట్టుకొని అత్తగారింటికి పోయింది మహాతల్లి. "వీళ్లు తిన్నంకనే నేను తింట" అని అత్త మొఖం మీదనే చెప్పిందంట. తర్వాత భర్త గూడ తొందరగనే పోయిండు. ఒక్కతే పొలం చేసింది, ఒక్క బిడ్డ సుమిత్రను సాదింది, తమ్ముళ్లను చదివించింది. సూర్యాపేటల ఎరువుల దుకాణం పెట్టించింది గూడ ఆమెనే. ఇయ్యాల ఆ దుకాణంల గల్లపెట్టె కాడ కూసునేది నేనే కాబట్టి, ఆమె పేరు చెప్పకుంట నాకు అన్నం దిగదు.

ఆమె ఒడ్లు తీసుకొని మిర్యాలగూడ మిల్లులకు పోయిందంటే అదో జాతర. ట్రాక్టర్లు వరుసకట్టి ఉంటయి. మిల్లోళ్లు తేమ ఎక్కువున్నదని ధర కోస్తరు కద? ఈమె ఆ తేమ చూసే మిషన్ తెచ్చిన పిలగాని గదుమ పట్టుకుంటది! "నీకు మీ మేనమామ కండ్లు వచ్చినయి, ఆయన మంచోడు, నువ్వెందుకు గిట్ల తయారైనవ్?" అంటది. మిల్లు సేటు బద్రీనాథ్ లోపల్నుంచే మొత్తుకుంటడు, "అమ్మను ముందు పంపియ్యిండ్రి, లేకుంటె మా వంశమంతా బయటికొస్తది!" అని.

ఇగ సుమిత్రక్క పెండ్లి సంగతి. "నా బిడ్డను నా తమ్మునికే ఇస్త" అని కూసున్నది వదినె. అక్క బిడ్డను చేసుకునుడు మా దిక్కు కొత్తేం కాదు. కానీ మా బావ ఒప్పుకోలేదంట. "నేను ఎత్తుకొని తిప్పిన పిల్ల అక్కా, వద్దు" అన్నడంట. మేనరికాలు మంచియి కాదని అప్పటికే చెప్పేటోళ్లు చెప్తనే ఉన్నరు. ఆమె అన్నం మానేసింది. "బిడ్డ బయటికి పోతె నాకు రెండిండ్లయితయిరా. నాకు ఒక్కటే ఇల్లు కావాలె" అన్నది. ఆఖరికి బావ తల వంచిండు. వంచినోడు మంచిగనే ఉన్నడు, సుమిత్రక్క అంటే ప్రాణం ఆయనకు. వదినె ఆయనకు అక్కనూ అయితది, అత్తనూ అయితది. ఎప్పుడూ "అక్కా" అనే పిలుస్తడు. కోపమొచ్చినప్పుడు మాత్రం "అత్తా" అంటడు.

వాళ్లకు ఇద్దరు పిల్లలు. పెద్దోడు రాకేష్ పుట్టిన రోజే వదినె వాని మొఖాన్ని పంచి పెట్టేసింది: నుదురు ఒకరికి, చెవులు ఇంకొకరికి. ఆ చెవులు వదినెవాళ్ల జేజమ్మయి అంట. గత్తర, అదే కలరా, వచ్చి చివ్వెంలల ఇండ్లకిండ్లు ఖాళీ అయితుంటే, చచ్చినోళ్ల పక్కన పండి గూడ బతికి లేచిన మనిషంట ఆ జేజమ్మ. రాకేష్ చెవులు పట్టుకున్నప్పుడల్లా ఆ కథ మాకు ఇనక తప్పదు. చిన్నది ప్రత్యూష కాడికి వచ్చేసరికి మాత్రం వదినె ఆగిపోయింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది, వెలుగుకు పట్టి చూసింది. "ఇది ఎవ్వరి పోలిక కాదే" అన్నది. ఆ మాట అట్లనే ఉండిపోయింది. పిల్ల పెరిగిన కొద్దీ అదొక ముచ్చటైపోయింది. "అమ్మమ్మా, ఇయ్యాలన్న చెప్పు, నేనెవరి పోలిక?" అని గదుమ ముందల పెడుతుండె. "పోవే, నిన్ను దవాఖానల మార్చిన్రు" అని నవ్వుతుండె ఈమె. నవ్వుతుండె గానీ, ఆ ముచ్చట ఆమెకు ఎక్కడో గుచ్చుకుంటుండె. మిగిలిన పిల్లలను తడిమినట్టు ఈ పిల్ల మొఖాన్ని ఊకెనే తడుముతుండె, ఏదన్న దొరుకుతదేమో అని.

ఆ పిల్లకు డిగ్రీ రెండో ఏడుల కాళ్ల మీద కమిలిన మచ్చలు మొదలైనయి. ఎక్కడ తగిలిందే అంటే ఏడ తగల్లేదు చిన్నమ్మా అంటది. పండ్లు తోముతుంటే నెత్తురు. మెట్లెక్కితే ఆయాసం. సూర్యాపేటల రక్తపరీక్ష చేయిస్తే, ఆ డాక్టరు కాయిదం చూసి, "ఇప్పుడే హైదరాబాద్ పొండ్రి, బట్టలు సర్దుకోవడానికి గూడ ఆగకండ్రి" అన్నడు.

హైదరాబాద్ల పెద్ద డాక్టరమ్మ చెప్పింది. ఎముకల నడుమ మూలుగ ఉంటది కద, రక్తం తయారయ్యేది అక్కడనే. ఈ పిల్లకు ఆ మూలుగ ఎండిపోతున్నది. నెత్తురు ఎక్కించుకుంట ఎన్నాళ్లో నెట్టలేం. మందులిచ్చి చూస్తం. మందులతోని లేవకపోతే వేరే మనిషి మూలుగ ఎక్కించాలె. అది గూడ కుదరకపోతే... ఆమె ఆ మాట పూర్తి చేయలే. సుమిత్రక్క నా చెయ్యి పట్టుకున్నది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తున్నది నాకు.

మూలుగ ఎండిపోతున్నదని మా వదినెకు ఫోన్ల చెప్పిన. ఆమె ఏం చేసిందో తెలుసా? పొద్దుగాల లేచి మటన్ తెప్పించి, మూలుగ బొక్కలన్నీ ఏరి కూరొండి, స్టీలు టిఫిన్ల పెట్టుకొని, గరిడేపల్లి నుంచి బస్సు మీద బస్సు ఎక్కి హైదరాబాద్ దిగింది. చిన్నప్పటి నుంచి పిల్ల పల్లెంల మూలుగ బొక్క వేసేది ఆమెనే. సిస్టరు లోపలికి తేనియ్యలే. బయటి తిండి పెట్టొద్దన్నది. ఆ టిఫిన్ ఒళ్లె పెట్టుకొని వరండాల కూసున్నది ముసల్ది. ముసల్ది అంటున్న గానీ అరవై గూడ రాలే ఆమెకు, చిన్నతనంలనే తల్లయింది, చిన్నతనంలనే అమ్మమ్మయింది. నవ్వాల్నో ఏడవాల్నో తెల్వక నేను పక్కన కూసున్న.

అప్పుడు వచ్చిండు ఒక కుర్ర డాక్టరు, పరీక్షలకు వివరాలు అడగనీకి. "తల్లిదండ్రులది దగ్గరి సంబంధమా?" అన్నడు. అందరినీ అడిగే ప్రశ్ననే అది. బావ అవునన్నడు. కుర్రోడు రాసుకొని పోయిండు. బావ మొఖం నల్లబడ్డది. వదినె ముందలికొచ్చి నిలబడ్డడు.

"ఇన్నవా అత్తా? వద్దంటే ఇనకపోతివి. అన్నం మానేస్తివి. నీకు ఒక్క ఇల్లు కావాలె అంటివి. సూడు ఇగ, ఆ ఇల్లు ఎట్ల కూలుతున్నదో. నా బిడ్డకు ఈ గతి నీ వల్లనే."

వరండా అంతా వినపడ్డది. ఈమె ఇగ లేస్తది, బావ చెంప పగలగొడతది అనుకున్న. ఆమె టిఫిన్ మూత నొక్కి, సంచిల పెట్టుకొని, మెట్లు దిగి పోయింది. ఆ మనిషి నోట మాట రాకపోవుడు నేను చూసుడు అదే మొదలు. మళ్ల దవాఖాన మొఖం చూడలే. ఫోన్ చేస్తే నాకే చేస్తది. "పిల్ల తిన్నదా?" అని అడిగి పెట్టేస్తది.

పదిహేనొద్దులకు పరీక్షలు వచ్చినయి. డాక్టరమ్మ కూసోబెట్టి చెప్పింది, పుట్టుకతోని వచ్చేటివి ఏమీ లేవు, ఇది మేనరికంతోని వచ్చింది కాదు. ఒంటిని కాపాడాల్సిన కణాలే మతిపోయి మూలుగ మీద పడ్డయి, ఎందుకు పడ్డయో చాలామందిల తెలియనే తెల్వదు అన్నది. బావ తల ఊపిండు. ఆ సంగతి అక్కకు పోయి చెప్పవయ్యా అంటే మాత్రం నోరు పెగల్లే. నేను ఫోన్ల చెప్పబోతే, "ఎందుకులే స్వాతీ, నా మనసు మంచిగ చేయనీకి చెప్తున్నవ్" అన్నది వదినె. ఇగ నేనేం చేద్దు? కాళ్లా వేళ్లా పడ్డ గానీ నమ్మలే.

మందులు పని చేయలే. మూలుగ ఎక్కించుడే మిగిలింది. మూలుగ ఎవరిదంటే వాళ్లది పనికిరాదంట, గుర్తులు కలవాలంట. దాతలను వెతికి పెట్టే అమ్మాయి పేరు శ్రావణి. ఆమెది మన వేములపల్లే. మా యాస వినంగనే, "అక్కా, మీది ఏడ?" అని కుర్చీ జరుపుకొని వచ్చింది. ఆ పిల్ల లేకపోతే ఈ కథ లేదు.

ముందు రాకేష్‌కు చూసిన్రు. సగమే కలిసింది. సగం కలిసినోళ్లతోని గూడ చేస్తరంట గానీ, ప్రత్యూషకు అప్పటికే చాలాసార్లు నెత్తురు ఎక్కించిన్రు, ఒళ్లు ఎదురు తిరుగుతదని డాక్టరమ్మకు భయం. పూర్తిగ కలిసే మనిషి కోసం గట్టిగ వెతుకుదాం అన్నది.

"దగ్గరి చుట్టాలను తీసుకరండ్రి" అన్నది శ్రావణి. ఇగ చూడాలె మావోళ్ల హడావుడి. బావ ఫోన్ మీద ఫోన్. మన రక్తం అంటే ఎవరు? పాలోళ్లు. ఎవరింట్ల పీనుగ లేస్తే మనకు మైల పడతదో, వాళ్లే మన రక్తం. మావోళ్ల లెక్క అదే. చివ్వెంల నుంచి, సూర్యాపేట నుంచి, ఇంటిపేరు కలిసినోళ్లంతా జీపులల్ల దిగిన్రు. మా ఆయన, దూరపు వరుస బాబాయిలు, వాళ్ల కొడుకులు, రాజకీయాలల్ల తిరిగే ఒకాయన తెల్లబట్టలేసుకొని మందితోని సహా. దవడ లోపల దూదిపుల్లతోని తుడిచి నమూనాలు తీసుకున్నరు. ఒక్కటి కలవలే. పెండ్లయి వేరే ఇంటికి పోయిన ఆడబిడ్డలను ఒక్కరినీ పిలవలే. పిలవాలని ఎవ్వరికీ తోచలే. వాళ్ల మైల వేరే ఇంటిది కద! ఎన్నో తరాల నుంచి చావులకు పెట్టుకున్న లెక్కతోని మావోళ్లు బతుకును వెతికిన్రు.

ఆ సంగతి తెలిసి మిర్యాలగూడల బద్రీనాథ్ సేటు తన మిల్లు ఆవరణల క్యాంపు పెట్టించిండు. "లక్ష్మీనర్సమ్మ మనుమరాలికంటే మా మిల్లంతా వస్తది" అన్నడు. సేట్లు, హమాలీలు, డ్రైవర్లు, ఊక బస్తాలెత్తే బీహారు పిలగాళ్లు, అందరు నోర్లు తెరుచుకొని వరుసల నిలబడ్డరు. నేను, శ్రావణి బల్ల కాడ కూసున్నం. అన్ని తీర్ల మనుషులను చూసి నేను, "ఇంతమందిల ఒక్కరన్న కలవరా?" అన్న.

"కలవొచ్చు అక్కా. కానీ కష్టం" అన్నది.

ఆ రోజు ఆ పిల్ల చెప్పిన మాటలు నేను ఎంతమందికి చెప్పిన్నో. నాకు అర్థమైనంత వరకు చెప్తున్న, తప్పైతే నాదే తప్పు.

మన ఒంటిల దాదాపు ప్రతి కణం మీద ఒక గుర్తు ఉంటదంట. "నేను ఇంటిదాన్నే, కొట్టకండ్రి" అని కాపలా కణాలకు చెప్పే గుర్తు. లోపలికి ఏదన్న క్రిమి దూరితే, దాని ముక్కను పట్టుకొని బయటికి చూపించేది గూడ ఆ గుర్తే. హెచ్.ఎల్.ఏ. అంటరు. వాటిని చేసే జన్యువులు అమ్మ కాడి నుంచి ఒక కట్ట, నాయిన కాడి నుంచి ఒక కట్ట వస్తయి. మిగిలిన జన్యువులు మనుషులందరికీ కొంచెం ఇటు అటుగ ఒక్క తీర్గనే ఉంటే, ఇవి మాత్రం వేల రకాలంట.

"వేల రకాలెందుకే? దేవునికి పని లేదా?" అన్న.

"అందరికీ ఒకటే రకం ఉన్నదనుకో అక్కా. దాన్ని ఏమార్చే రోగం ఒక్కటొస్తే మనిషి జాతి అంతా ఊడ్చుకపోతది. రకరకాలుగ ఉన్నరు కాబట్టే ప్రతిసారి ఎవరో ఒకరు మిగిలిన్రు. ఒక్కో నేల మీద ఒక్కో రోగం. ఎక్కడ ఏ రోగం పీడించిందో, దాన్ని తట్టుకున్నోళ్ల రకాలు అక్కడ ఎక్కువైనయి. అందుకే చైనాల ఎక్కువగ ఉండేది ఐరోపాల చానా తక్కువ. ఆఫ్రికాల ఉన్నన్ని తీర్లు ఇంకెక్కడ లేవు. మన దేశంల ఇంకొకటి, ఎవరి కులంల వాళ్లే తరతరాలు చేసుకున్నరు కద, ఒక్క ఊళ్లె పక్కపక్క ఇండ్లల్ల గూడ వేరే వేరే కట్టలుంటయి. విదేశాల దాతల లిస్టులల్ల కోట్లమంది ఉన్నరు, కానీ అక్కడి మనుషులే ఎక్కువ. వెతికించిన. మన పాపకు ఒక్కరు గూడ లేరు."

నేను వరుస దిక్కు చూసిన. ఆ హమాలీ, ఆ సేటు, ఆ బీహారు పిలగాడు. ఇంతసేపు నోర్లు తెరిచిన మనుషులే కనపడ్డరు నాకు. ఇప్పుడు వాళ్ల ఎనక ఎంతమంది నిలబడి ఉన్నరో అనిపించింది. మశూచి దాటినోళ్లు, చలిజ్వరాలు దాటినోళ్లు, పేరు గూడ తెల్వని రోగాలు దాటినోళ్లు. మా వదినె చెప్పే జేజమ్మ మతికొచ్చింది. "ఒక్క మనిషి ఎందుకు బతికిందో మనం చెప్పలేం అక్కా" అన్నది శ్రావణి, "నీళ్లు మంచియి దొరికి బతికిందేమో. కానీ అసొంటివి వేల ఏండ్లు, లక్షలసార్లు జరిగితే, మిగిలినోళ్ల గుర్తులే మనల ఉన్నయి." సూర్యాపేట బస్టాండుల దిగి ఇంటికి పోయేటప్పుడు గూడ జనాన్ని చూసుకుంట నిలబడ్డ. మిర్చిబజ్జీలు తినేటోళ్లు, సీటు కోసం కొట్లాడేటోళ్లు, చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి. ఎంత పాత మనుషులం మనం! అబ్బ! నాకు దండం పెట్టాలనిపించింది, బస్టాండుల, అందరికీ.

మిల్లుల తీసినయి గూడ కలవలే. ప్రత్యూష ఇగ లేచి కూసునుడు గూడ తగ్గింది. డాక్టరమ్మ, "ఇంకొక నెల చూస్తం. ఆ తర్వాత సగం కలిసిన రాకేష్‌తోనే ధైర్యం చేద్దాం" అన్నది. ఆ ధైర్యం అనే మాటల ఆమెకే ధైర్యం లేదు.

ఆ వారమే శ్రావణి నన్ను క్యాంటీన్‌కు తీసుకపోయింది. చాయ్ తాగుకుంట, "అక్కా, ఎవరినన్న మర్చిపోయినమా? పాపకు మేనత్తలున్నరా?" అన్నది.

"ఒక్కతే ఉన్నది."

"చూసినమా?"

"లేదు. పెండ్లయి పోయిన మనిషి, ఇంటిపేరు వేరే."

శ్రావణి నుదురు కొట్టుకున్నది. "ఇంటిపేరుతోని ఏం పనక్కా! సరే. అమ్మమ్మ ఉన్నదా?"

"ఉన్నది."

"ఆమెకు చూసినమా?"

"లేదు."

"అయితే ఇద్దరినీ రమ్మను."

"ఇద్దరేంది?" అన్న నేను. "ఇద్దరు ఒక్కరే. మేనత్తనే అమ్మమ్మ. మా బావ అక్క బిడ్డనే చేసుకున్నడు కద."

శ్రావణి చాయ్ గ్లాసు కింద పెట్టింది. తల్లిదండ్రులది దగ్గరి సంబంధం అని ఆమెకు తెలుసు, కానీ బావామరదళ్లు అనుకున్నదంట. "అక్కా, పాపకు నాయిన కట్ట ఒకటి, అమ్మ కట్ట ఒకటి. నాయినకు వచ్చిన కట్టనే ఆయన అక్కకు గూడ వచ్చి ఉండొచ్చు. అమ్మకు ఉన్న కట్ట ఆ తల్లి ఇచ్చిందే కావొచ్చు. పాపకు వచ్చిన రెండూ ఒక్క మనిషిలనే ఉండొచ్చక్కా. తప్పకుంట ఉంటదని కాదు. ఉండొచ్చు."

తెల్లారే నేను, బావ గరిడేపల్లికి పోయినం. ఆమె రోడ్డు పక్కన ఒడ్లు ఆరబోసి, కాలుతోని కలియబెట్టుకుంట తిరుగుతున్నది. ఒక గింజ తీసి పండ్ల కింద కొరికి చూసింది. మమ్మల్ని చూసి ఆగింది. ఎంత చిక్కిపోయింది మనిషి!

"పిల్ల ఉన్నదా?" అన్నది. ఎట్లున్నది అనలే. ఉన్నదా అన్నది.

నేనే అంతా చెప్పిన. ఆమె విన్నది. విని, రెండు చేతులు ఎనక్కి పెట్టుకున్నది.

"వద్దు స్వాతీ. నేను ఆ ఇంటి రక్తం గూడ కాదాయె. నా మొండితనంతోని పిల్లకు ఇంత తెచ్చిన. మళ్ల నాదే లోపలికి ఎక్కిస్తె ఇంకేమైతదో. నేను ముట్టను."

ఇగ నాకు ఆగలే. ఆమె మీద కాదు. బావ దిక్కు తిరిగిన. "బావా, నోరున్నది కద నీకు? వరండా అంతా వినపడెటట్టు అన్న నోరే కద? డాక్టరమ్మ చెప్పింది ఈ మనిషికి నువ్వు చెప్తవా, చెప్పవా? నేను చెప్తె నమ్మదు. ఆ మాట నీ నోట పోయింది, నీ నోటనే రావాలె!" రోడ్డు మీద పోయే బండ్లోళ్లు ఆగి చూసిన్రు. చూడనియ్యి.

బావ చెప్పులు విడిచి ఒడ్లల్లకి నడిచిండు. ఆమె ముందల నిలబడ్డడు. గదుమ వణుకుతున్నది ఆయనకు.

"నీ వల్ల కాదంట, అక్కా" అన్నడు. "మేనరికం వల్ల కాదంట. నాకు ఎప్పుడో తెలుసు. చెప్పలేకపోయిన అక్కా."

ఆమె ఆయన గదుమ పట్టుకున్నది. పోలిక వెతకనీకి కాదు. వణుకు ఆపనీకి పట్టుకున్నది. "అన్నం తిన్నవా?" అన్నది. తర్వాత నాతోని, "ఎప్పుడు రమ్మంటున్నరు? ఈ ఒడ్లు ఎవరికన్న అప్పజెప్పి వస్త" అన్నది.

పరీక్ష ఫలితం వచ్చిన రోజు నేను దుకాణంల ఉన్న. శ్రావణి ఫోన్. "అక్కా, కూసున్నవా?" అన్నది. కూసునే ఉన్న, లేచి నిలబడ్డ. "మొత్తం కలిసింది అక్కా. ఒక్కటి గూడ తేడా లేదు. లోకమంతా వెతికినం. గరిడేపల్లిల ఉన్నది." మందు డబ్బాల నడుమ కూలబడి ఏడ్చిన. యూరియా కోసం వచ్చిన రైతు బిత్తరపోయి చూస్తున్నడు. అమ్మకు సగమే, నాయినకు సగమే, తోడబుట్టినోనికి సగమే. ఎవ్వరి పోలిక కాదన్న ఈ ముసల్దానికి మాత్రం రెండుకు రెండు కట్టలు! చివ్వెంల రోగాలను, ఆ ముందటి ఏ కాలంవో రోగాలను దాటి వచ్చిన రెండు కట్టలు, రెండు దార్లల్ల నడిచి, మళ్ల ఒక్క పిల్లల కలుసుకున్నయి. ఎట్ల వచ్చినయి తల్లీ, ఎంత దూరం నుంచి వచ్చినయి అనుకున్న.

తుంటి ఎముకల నుంచి తీసిన్రు. మత్తు ఇచ్చే ముందు డాక్టరమ్మ భయపడకమ్మా అంటే, "భయమెందుకు? మూలుగ బొక్క తినిపిస్తనంటే లోపలికి రానియ్యకపోతిరి. ఇప్పుడు నా బొక్కలనే తోడుకుంటున్నరు" అన్నది. డాక్టరమ్మ నవ్వాపుకోలేక బయటికి పోయి వచ్చింది. సాయంత్రం ఆ మూలుగ సంచి పిల్ల మంచం పైన వేలాడింది. ఎర్రగ, చిక్కగ. అద్దం ఇవతల నుంచి నేను, సుమిత్రక్క చూస్తున్నం. అక్క ఒక్కటే మాట అన్నది: "మా అమ్మ."

తర్వాత అంతా సాఫీగ జరిగిందని చెప్పను. జ్వరాలు వచ్చినయి, నోరంతా పుండ్లు, జుట్టంతా పోయింది. కానీ మూలుగ నాటుకున్నది. కణాలు పెరుగుడు మొదలైంది. కొన్ని నెలలకు ఇంకొక వింత. పిల్లది పుట్టుకతోని బి పాజిటివ్ నెత్తురు, అది ఓ పాజిటివ్‌కు మారింది. వదినె గ్రూపు. ఇప్పుడు దాని నెత్తురు తీసి పరీక్ష చేస్తే అందుల వదినె గుర్తులే కనపడతయని శ్రావణి చెప్పింది. మేనరికం చేసుకోమని చెప్తున్న అనుకోకండ్రి. వేరే జబ్బులు వచ్చే ప్రమాదం ఉంటదని ఆ పిల్ల గట్టిగనే చెప్పింది, రాకేష్‌కు బయటి సంబంధాలే చూస్తున్నం. వదినె గూడ ఒప్పుకున్నది. వచ్చే కోడలి గదుమ మాత్రం పట్టుకుంటనని ముందే చెప్పి పెట్టింది.

మొన్న డాక్టరమ్మ అన్నీ తినొచ్చు అన్నంక గరిడేపల్లికి పోయినం. ప్రత్యూష జుట్టు చిన్నగ, ఉంగరాలు ఉంగరాలుగ వచ్చింది. గడపలనే ఆగి, గదుమ ముందల పెట్టింది. "చెప్పు అమ్మమ్మా. నేనెవరి పోలిక?"

వదినె రెండు చేతులల్ల ఆ మొఖం పట్టుకున్నది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. మేమంతా నిలబడి చూస్తున్నం. "ఏం మొఖమే ఇది? ఇయ్యాల్టికి గూడ ఒక్క గీత దొరుకుతలేదు!" అన్నది. అందరం నవ్వినం. ఆమె కండ్లల్ల నీళ్లు.

"అక్కా, ఆకలైతున్నది, అన్నం పెట్టు" అన్నడు బావ.

మటన్ వండింది. వరుసగ కూసోబెట్టి వడ్డించింది. ఎప్పటి లెక్కనే గిన్నె అడుగున వెతికి, పెద్ద మూలుగ బొక్క తీసి ప్రత్యూష పల్లెంల వేసింది. పిల్ల దాన్ని తీసి, పక్కన ఉన్న అమ్మమ్మ పల్లెంల పెట్టింది.

"నీ మూలుగ నాకు పెట్టినవ్ కద అమ్మమ్మా. ఇది నువ్వు తిను."

ఆ మనిషి నోట మాట రాకపోవుడు నేను చూసుడు అది రెండోసారి.